ఒకే ఖజానాలో తుపాకీ, తాగునీరు

రక్షణకు ఎంత, ప్రజల బాగోగులకు ఎంత అన్న ప్రశ్న మన దేశంలో సూటిగా తేలేది కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు సైన్యాన్ని కేంద్రం చేతిలో పెట్టి ఆస్పత్రులను రాష్ట్రాలకు అప్పగించింది. యుద్ధనౌక కొనేది ఢిల్లీ. పీహెచ్‌సీలో డాక్టరు లేకపోతే జనం నిలదీసేది అమరావతినో హైదరాబాదునో. రెండు పద్దులూ ఎదురెదురుగా నిలబడే సందర్భం అరుదు.

అవి రోజూ ఎదురుపడే చోటు అండమాన్ నికోబార్. 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్‌గా ఉండి, ఇప్పుడు శ్రీవిజయపురమైన పట్నంలో డిగ్నాబాద్ ఒక పేట. ఆ పేటలో కాపురముండే వాళ్లకు కుళాయి నీళ్లిచ్చేదీ, గోవింద్ వల్లభ్ పంత్ ఆస్పత్రిలో వైద్యం చేయించేదీ, పిల్లల బడి నడిపేదీ, మెయిన్‌ల్యాండ్‌కు ఓడ వేసేదీ కేంద్ర ప్రభుత్వమే. అదే పట్నంలోని త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్‌ను పోషించేదీ అదే. శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేడు. లోక్‌సభలో ఉన్నది ఒక్క సభ్యుడు. 2011 లెక్కల్లో దీవుల జనాభా 3.8 లక్షలు. అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లి, జంగ్లీఘాట్ రేవులో చేపల వేట మీదా, ప్రభుత్వ పనుల మీదా స్థిరపడిన కుటుంబాలు వాళ్లలో ఎక్కువ.

రక్షణ, సంక్షేమాల మధ్య లాగులాటను అర్థం చేసుకోవడానికి ఈ దీవులు ఢిల్లీ బడ్జెట్ ప్రసంగం కన్నా ఎక్కువ ఉపయోగపడతాయి. సైన్యం ఖర్చు జనం సొమ్మును మింగేస్తోందన్న వాదనలో నిజం కొంతే ఉందని అక్కడి అనుభవం చెబుతుంది. డబ్బు మొత్తం కన్నా పెద్ద తగాదా ముందు వరస ఎవరిదన్నది. ఆ వరస తేల్చేటప్పుడు అక్కడ బతికేవాళ్లకు నోరు ఉందా లేదా అన్నది.

అంకెల లోపలి కథ

2025-26 కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్ల రూపాయలు. అందులో రక్షణ శాఖది 6.81 లక్షల కోట్లు. వందలో పదమూడు రూపాయల పైచిలుకు. ఆరోగ్య శాఖకు దాదాపు లక్ష కోట్లు, విద్యకు 1.28 లక్షల కోట్లు, గ్రామీణ ఉపాధి హామీకి 86 వేల కోట్లు ఇచ్చారు. మూడూ కలిపినా రక్షణ పద్దులో సగం కావు. సభల్లో వినిపించే లెక్క సాధారణంగా ఇక్కడే ఆగుతుంది.

ఇంకో అడుగు వేస్తే బొమ్మ మారుతుంది. విద్య, వైద్యాల మీద దేశం పెట్టే ఖర్చులో పెద్ద భాగం రాష్ట్రాలది. కేంద్రం పద్దునొక్కదాన్నే రక్షణ పక్కన నిలబెట్టడం న్యాయమైన తూకం కాదు. ఆహార సబ్సిడీ రూపంలో కేంద్రం మరో రెండు లక్షల కోట్లు భరిస్తోంది. జీడీపీతో పోల్చినా రక్షణ వాటా రెండు శాతానికి కాస్త తక్కువే. అయితే ప్రజారోగ్యానికి జీడీపీలో 2.5 శాతం ఖర్చు 2025 నాటికి సాధించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న గురి అందలేదు. విద్యకు 6 శాతమని కొఠారి కమిషన్ 1966లో చెప్పిన మాటను 2020 నూతన విద్యా విధానం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈ రెండు గురులూ తప్పడానికి రక్షణ ఖర్చే కారణమనడానికి ఆధారం లేదు. కానీ రక్షణ విషయంలో ‘ఈ ఏడాది కుదరదు’ అన్న జవాబు ఎంత అరుదో, ఆస్పత్రి విషయంలో అంత మామూలు.

రక్షణ పద్దు విప్పి చూస్తే అందులోనూ సంక్షేమం కనిపిస్తుంది. 6.81 లక్షల కోట్లలో 1.60 లక్షల కోట్లు పింఛన్లు. కొత్త ఆయుధాలకు, నౌకలకు, విమానాలకు ఉద్దేశించిన మూలధన వ్యయం 1.80 లక్షల కోట్లు. అంటే కొత్త ఆయుధాలకు రూపాయి పెడితే, పాత సైనికుల ఇళ్లకు తొంభై పైసల దాకా వెళుతోంది. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లకు ఆ పింఛను సొమ్ము ఎంత ఆసరాయో చెప్పనక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటికొకరిని సైన్యానికి పంపి, ఆ పేరునే తన పేరులో కలుపుకున్న ఊరది. 2022 జూన్‌లో నాలుగేళ్ల కొలువుతో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు ప్రాణం కోల్పోయాడు. పింఛన్ల బరువు దించుకోవాలన్న సర్కారు ఆలోచనకూ, జీవితకాలం భరోసా కోరిన పల్లె కుర్రాళ్ల ఆశకూ మధ్య జరిగిన ఘర్షణ అది. రక్షణను ఒక గట్టున, సంక్షేమాన్ని మరో గట్టున పెట్టే వాదనలో ఈ కుర్రాళ్లకు చోటు దొరకదు.

ప్రపంచానికి పాత తగువే

ఈ సందిగ్ధాన్ని ప్రపంచానికి గుర్తుండిపోయేలా చెప్పింది శాంతివాది ఎవరో కాదు, సైన్యాధిపతి. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాలను నడిపించిన ఐసెన్‌హోవర్ అమెరికా అధ్యక్షుడయ్యాక 1953 ఏప్రిల్‌లో చేసిన ప్రసంగంలో, ఒక్క భారీ బాంబర్ విమానం ఖరీదుతో ముప్ఫైకి పైగా పట్టణాల్లో తలా ఒక ఇటుకల బడి కట్టవచ్చని లెక్క కట్టాడు. 1948లో కోస్టారికా సైన్యాన్నే రద్దు చేసుకుని ఆ సొమ్మును బడులకు, ఆస్పత్రులకు మళ్లించింది. మన సరిహద్దులున్న దేశానికి అది అందే దారి కాదు.

ఇవాళ గాలి అటు నుంచి ఇటు వీస్తోంది. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ సిప్రీ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ సైనిక వ్యయం 2.7 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 86 బిలియన్ డాలర్లతో భారత్‌ది అయిదో స్థానం. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ రక్షణ ఖర్చు పెంచడానికి విదేశీ సహాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3 శాతానికి కోస్తానని నేరుగా ప్రకటించింది. ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పెట్టడం ఇంత బాహాటంగా జరగడం అరుదు. అదే ఏడాది జూన్‌లో హేగ్‌లో నాటో దేశాలు 2035 కల్లా జీడీపీలో 5 శాతం రక్షణకు, దాని అనుబంధ అవసరాలకు కేటాయిస్తామని ఒప్పుకున్నాయి.

మనకూ ఈ దెబ్బ కొత్త కాదు. 1962లో చైనాతో యుద్ధం తర్వాత రక్షణ వ్యయం రెట్టింపైంది. 1965 పాకిస్తాన్ యుద్ధం, వరస కరువులు దానికి తోడై పంచవర్ష ప్రణాళికలే ఆగిపోయాయి. 1966 నుంచి 1969 దాకా నడిచిన ఆ ‘ప్రణాళికా విరామం’లో నష్టపోయింది ఊళ్లు, చెరువులు, బడులు. 2019లో పదిహేనో ఆర్థిక సంఘానికి ఇచ్చిన పరిశీలనాంశాల్లో రక్షణ, అంతర్గత భద్రత నిధి అంశాన్ని మధ్యలో చేర్చినప్పుడు తమ వాటాకు గండి పడుతుందేమోనని రాష్ట్రాలు కలవరపడ్డాయంటే కారణం అదే. సంఘం అయిదేళ్లకు 2.38 లక్షల కోట్లతో మురిగిపోని నిధి ఒకటి ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది. ఏడాది చివర మిగిలినా వెనక్కి పోని నిధి కావాలని సైన్యానికి అడగగలిగారు. ఆ మాట ఏ జిల్లా ఆస్పత్రి తరఫునా ఎవరూ అడగలేదు.

దీవుల మీద కన్ను ఎందుకు?

అండమాన్‌లో సైన్యం ఉనికి అనవసరమని వాదించడం చరిత్రను కాదనడం. 1942 మార్చిలో జపాన్ ఈ దీవులను పెద్ద ప్రతిఘటన లేకుండానే పట్టుకుంది. మూడున్నరేళ్ల ఆ పాలనలో దీవుల జనం అనుభవించిన హింస, ఆకలి ఇప్పటికీ అక్కడి పాత కుటుంబాల్లో చెప్పుకొనే సంగతులే. కాపలా లేని దీవి ఎవరి చేతికైనా పోతుందన్న పాఠం వాళ్లకు ఢిల్లీ నేర్పాల్సిన పని లేదు.

భూగోళం కూడా అదే చెబుతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి 700 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఈ గొలుసు మలక్కా జలసంధి ముఖద్వారం దగ్గర ముగుస్తుంది. చైనా చమురు, జపాన్ సరుకు, మన ఎగుమతులు వెళ్లే దారి అది. గ్రేట్ నికోబార్ కొసన ఉన్న ఇందిరా పాయింట్ నుంచి ఇండోనేషియా జలాలు చెన్నై కన్నా ఎన్నో రెట్లు దగ్గర. ఉత్తరాన మయన్మార్‌కు చెందిన కోకో దీవుల్లో రన్‌వే పొడిగింపు పనులు ఉపగ్రహ చిత్రాల్లో కనబడి 2023లో చర్చ రేపాయి. కార్గిల్ యుద్ధం తర్వాతి సమీక్షల ఫలితంగా 2001లో ఇక్కడ దేశంలోనే మొదటి త్రివిధ దళాల కమాండ్ ఏర్పడింది. 2012లో గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేలో ఐఎన్ఎస్ బాజ్, 2019 జనవరిలో ఉత్తర అండమాన్‌లోని షిబ్‌పూర్‌లో ఐఎన్ఎస్ కోహస్సా నౌకాదళ వైమానిక స్థావరాలు వచ్చాయి.

సైన్యం ఉండటం వల్ల దీవుల జనానికి మేలూ జరిగింది. 2004 డిసెంబరు 26 సునామీలో కార్ నికోబార్ వైమానిక స్థావరం నూరు మందికి పైగా తన సిబ్బందిని, వాళ్ల కుటుంబాలను పోగొట్టుకుంది. అయినా దీవుల మధ్య తొలి సహాయం అందించింది త్రివిధ దళాల నౌకలు, హెలికాప్టర్లే. రోడ్డు లేని దీవిలో పురిటి నొప్పులొచ్చిన మనిషిని ఆస్పత్రికి చేర్చడానికి ఎగిరే హెలికాప్టరు విలువ అక్కడివాళ్లకే తెలుసు. 2020 ఆగస్టులో 1,224 కోట్ల ఖర్చుతో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,300 కిలోమీటర్ల ఇంటర్నెట్ కేబుల్ కమాండ్‌కు పనికొచ్చింది, పిల్లల ఆన్‌లైన్ చదువుకూ పనికొచ్చింది.

రన్‌వే ఎవరిది?

తగాదా మొదలయ్యేది సైనిక, పౌర అవసరాలకు ‘ఉమ్మడిగా’ అని రాసుకున్న సదుపాయాల దగ్గర. శ్రీవిజయపురం విమానాశ్రయం రన్‌వే నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ ఉత్క్రోశ్‌ది. పౌర విమానాలు దాన్ని వాడుకుంటాయి. 2023 జులైలో దాదాపు 710 కోట్లతో ఏడాదికి 50 లక్షల మందికి సరిపడే కొత్త టెర్మినల్ కట్టారు. టెర్మినల్ పెరిగింది కానీ రన్‌వే ఆ ఒక్కటే. చాలా ఏళ్లపాటు పౌర విమానాలు పగటి పూటకే పరిమితమయ్యాయి. 2025 మేలో దీవుల మీది గగనతలాన్ని రెండు రోజులు మూడేసి గంటల పాటు మూసేశారు. మూసివేత అవసరమే కావచ్చు. విమానం తప్ప త్వరగా చేరే వేరే దారి లేని చోట దాని బరువు ఎంతన్నది కూడా లెక్కలోకి రావాలి.

తెలుగు పాఠకులకు ఇది పరాయి విషయం కాదు. విశాఖపట్నం విమానాశ్రయం కూడా నౌకాదళానిదే, ఐఎన్ఎస్ డేగ. పౌర విమానాల వేళల కోసం విశాఖ ఏళ్ల తరబడి పేచీ పడింది. చివరకు రాష్ట్ర ప్రభుత్వం భూమి సేకరించి భోగాపురంలో వేరే విమానాశ్రయానికి పూనుకుంది. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. గోవాలో దబోలిమ్‌ది అదే కథ. అక్కడ మోపాలో రెండో విమానాశ్రయం 2023 జనవరిలో విమానాలకు తెరుచుకుంది. మూడు పట్నాల్లోనూ రన్‌వే నౌకాదళానిదే. రెండింటికి శాసనసభ, ముఖ్యమంత్రి, భూమి, బేరమాడే శక్తి ఉన్నాయి. వాటికి ప్రత్యామ్నాయం దొరికింది. మూడోది సర్దుకుంటోంది. ప్రయాణికుల సంఖ్యలో తేడా ఉంది నిజమే. కానీ విశాఖ వాసికి రైలుంది, రోడ్డుంది. అదే విశాఖ నుంచి ఓడలో అండమాన్ చేరడానికి రెండు రోజులు దాటుతుంది. ఓడ వారం వారం ఉండదు.

నీళ్ల సంగతి ఇంకా కటువు. ఏడాదికి సుమారు 300 సెంటీమీటర్ల వాన పడే ఊరు శ్రీవిజయపురం. కోస్తాంధ్రకు అందులో మూడో వంతు పడితే పండగే. అయినా వేసవిలో అక్కడి కుళాయి రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఎడంగా వస్తుంది. పట్నానికి ప్రధాన ఆధారం 1970ల నాటి ధనిఖారి డ్యామ్. జనం పెరిగారు, హోటళ్లు పెరిగాయి, కాలనీలు పెరిగాయి. నిల్వ ఆ వేగంతో పెరగలేదు. పక్కనున్న రట్లాండ్ దీవి నుంచి సముద్రం అడుగున పైపులైనులో నీళ్లు తెచ్చే ఆలోచన ఏళ్ల నాటిది. కరెంటులో అధిక భాగం ఇప్పటికీ మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడల్లో వచ్చే డీజిల్‌తో తయారవుతున్నదే. 2015లో వైద్య కళాశాల వచ్చింది, మంచి మార్పు. కానీ పెద్ద జబ్బు చేస్తే చెన్నైకో కోల్‌కతాకో వెళ్లాల్సిందే.

ఇక్కడ దీవులకు ఇబ్బందికరమైన ఒక లెక్క కూడా చెప్పాలి. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి హోం శాఖ పద్దు కింద ఏటా ఇచ్చేది ఆరు వేల కోట్ల రూపాయల స్థాయిలో ఉంది. నాలుగు లక్షల జనాభాకు పంచితే మనిషికి లక్షన్నర. ఏ తెలుగు జిల్లాకూ దక్కని మొత్తం. సిమెంటు నుంచి సిలిండరు దాకా సముద్రం దాటి రావాల్సిన చోట ఆ డబ్బు మెయిన్‌ల్యాండ్‌లో కొన్నంత కొనలేదు. అయినా దీవులకు డబ్బే రావడం లేదన్న మాట నిలబడదు. రక్షణ పద్దులో వందో వంతుకు అటూ ఇటూగా ఉన్న ఈ మొత్తాన్ని రక్షణ ఖర్చే కుదించిందనడానికీ వీల్లేదు. ఆరు వేల కోట్లలో ముందు నీళ్లా, ముందు రోడ్డా, ముందు ఓడా అన్నది తేల్చే చోట డిగ్నాబాద్ ఓటరు ఎన్నుకున్నవాళ్లు లేరు. దీవుల అభివృద్ధి సంస్థకు అధ్యక్షుడు కేంద్ర హోం మంత్రి. 2017 అక్టోబరులో లెఫ్టినెంట్ గవర్నరుగా వచ్చిన అడ్మిరల్ దేవేంద్ర కుమార్ జోషి నౌకాదళ మాజీ అధిపతి. ఆయన సమర్థత మీద ఎవరికీ సందేహం అక్కర్లేదు. కానీ పాలనా బల్లకు రెండు వైపులా సైన్యం భాష తెలిసినవాళ్లుండి, కుళాయి భాష మాట్లాడేవాళ్లకు కుర్చీ లేకపోతే వరస ఎలా తేలుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇంకో చిక్కు ఉంది. దీవుల్లో సైన్యం మీద ఏటా ఎంత ఖర్చవుతోందో పౌరుడికి తెలిసే దారి లేదు. రక్షణ పద్దులు దళాల వారీగా ఉంటాయి, ప్రాంతాల వారీగా ఉండవు. ఖజానా ఒకటే అయినా రెండు ఖర్చులను పక్కపక్కన పెట్టి చూపే కాగితం ఎక్కడా లేదు.

గ్రేట్ నికోబార్: 1969, 2022

జనం ఉండటమే రక్షణ అన్న సూత్రం ఢిల్లీకి ఒకప్పుడు బాగా తెలుసు. 1969 నుంచి 1980 దాకా గ్రేట్ నికోబార్ తూర్పు తీరంలో 330 మాజీ సైనిక కుటుంబాలను తెచ్చి స్థిరపరిచారు. పంజాబ్, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చిన వాళ్లు అడవి కొట్టి, పొలాలు చేసి, శాస్త్రి నగర్, గాంధీ నగర్ లాంటి ఊళ్లు నిలబెట్టారు. దేశం దక్షిణ కొసను తుపాకీతో పాటు నాగలితోనూ కాపాడాలన్నది ఆనాటి ఆలోచన.

2004 సునామీ ఆ ఊళ్లను తుడిచిపెట్టింది. ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. తీరం వెంట వేసిన రోడ్డు కొట్టుకుపోయింది. నికోబారీ ఆదివాసులు తమ పూర్వీకుల ఊళ్లు వదిలి రాజీవ్ నగర్, న్యూ చింగెన్ లాంటి పునరావాస శిబిరాలకు చేరారు. తిరిగి వెళ్లనివ్వమని ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నారు.

వాళ్లు అడిగింది రాలేదు. అడగనిది వచ్చింది. 2022 అక్టోబరు, నవంబరులలో అటవీ, పర్యావరణ అనుమతులు పొందిన గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు తొలి అంచనా 72 వేల కోట్లు. గలతియా అఖాతంలో కంటెయినర్ల రేవు, సైన్యానికీ పౌరులకూ ఉమ్మడి విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్నం. మొత్తం 166 చదరపు కిలోమీటర్లు. అందులో 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి. ఖర్చు దశాబ్దాల పాటు విడతలుగా జరిగేదే, ప్రైవేటు పెట్టుబడీ ఉంటుంది. అయినా దీవులన్నిటి పన్నెండేళ్ల బడ్జెట్‌తో సమానమైన మొత్తం ఎనిమిది వేల జనాభా ఉన్న ఒక్క దీవి మీద పెడుతున్నారు. 2011 లెక్కల్లో 229 మందే ఉన్న షోంపెన్ ఆదివాసులు ఆ అడవిలోనే బతుకుతారు. లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి మొదట ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్ని 2022 నవంబరులో వెనక్కి తీసుకుంది.

ఇక్కడ రక్షణ పాత్ర ఖర్చు కన్నా లోతైనది. ఈ ప్రాజెక్టు అనుమతిపై 2023 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశంతో వేసిన ఉన్నత స్థాయి కమిటీ నివేదిక జనం ముందుకు రాలేదు. సమాచార హక్కు కింద అడిగినవాళ్లకు దేశ భద్రతను ప్రస్తావించే 8(1)(ఎ) సెక్షన్ చూపి కాదన్నారు. యుద్ధ విమానాల షెడ్డు వివరం రహస్యమంటే ఎవరూ కాదనరు. టౌన్‌షిప్, వాణిజ్య రేవు, నరికే చెట్ల లెక్క, గుడ్లు పెట్టడానికి వచ్చే లెదర్‌బ్యాక్ తాబేళ్ల తీరం కూడా రహస్యమా? ప్రాజెక్టులో సైనిక భాగం కొంచెమే ఉన్నా దాని గోప్యత మొత్తం మీద కప్పబడుతోంది. సంక్షేమానికి జరిగే అసలు నష్టం ఇది. డబ్బు తగ్గితే అడగవచ్చు, లెక్కే కనబడకపోతే ఏమని అడుగుతారు?

మన గడపలోనూ

తెలుగు నేల మీదా ఇదే వరస. అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీరంలో నౌకాదళ స్థావరం కోసం ఊళ్లూ వేటా వదులుకున్న మత్స్యకారులు పరిహారం, ఉపాధి కోసం ఏళ్లుగా తిరుగుతున్నారు. వికారాబాద్ జిల్లా దామగుండంలో నౌకాదళ రేడియో సమాచార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. సుమారు 2,900 ఎకరాల అడవి దానికి పోతుంది. మూసీ పుట్టే కొండల దగ్గర ఆ పని వద్దని స్థానికులు, పర్యావరణవాదులు అన్నారు. హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థలు, బీడీఎల్, మిధానీ లాంటి రక్షణ పరిశ్రమలు వేల కుటుంబాలకు అన్నం పెడుతున్నదీ నిజమే. రక్షణ ఫలం దేశమంతటికీ అందుతుంది, కొలువులు నగరాలకు చేరుతాయి, స్థలం మాత్రం ఒక ఊరిది పోతుంది. మూల్యం చెల్లించే ఊరికి పాలనలో ఎంత గొంతు ఉందో అంతే పరిహారం దక్కుతుంది. రాంబిల్లికి ఎమ్మెల్యే ఉన్నాడు, అసెంబ్లీ ఉంది. దీవులకు అదీ లేదు.

ప్రభుత్వం ఈ సూత్రాన్ని ఒప్పుకోలేదని కాదు. చైనా సరిహద్దు ఊళ్లు ఖాళీ అయితే అదే భద్రతకు ముప్పని గుర్తించి 2023 ఫిబ్రవరిలో 4,800 కోట్లతో ‘వైబ్రెంట్ విలేజెస్’ పథకం తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని రెండో దశకు 6,839 కోట్లు కేటాయించి మిగిలిన భూ సరిహద్దులకు విస్తరించింది. రోడ్డు, కరెంటు, సిగ్నల్, బతుకుతెరువు కల్పించి జనాన్ని సరిహద్దులో నిలపడం దాని ఉద్దేశం. కానీ అది భూ సరిహద్దులకే. సముద్రమే సరిహద్దైన దీవులు అందులో లేవు. భూ సరిహద్దులోని ఊరికి వర్తించే తర్కం క్యాంప్‌బెల్ బేకు ఎందుకు వర్తించదు?

చేయగల పనులు

మొదటిది, దీవుల ఉమ్మడి లెక్క. 2005-06 నుంచి కేంద్రం ఏటా బడ్జెట్‌తో మహిళల పద్దుల మీద ప్రత్యేక ప్రకటన ఇస్తోంది. అలాగే అండమాన్ నికోబార్‌లో ఆ ఏడాది పౌర అవసరాలకు ఎంత, రక్షణ నిర్మాణాలకు ఎంత, రెంటికీ ఉమ్మడిగా ఎంత అన్నది ఒక కాగితం మీద చూపాలి. ఆయుధం పేరు, సంఖ్య అక్కర్లేదు. మొత్తం చాలు.

రెండోది, ‘ఉమ్మడి’ అని రాసిన ప్రతి సదుపాయంలో పౌరుల వాటా అనుమతి పత్రంలోనే రాయాలి. రన్‌వే రోజుకు ఎన్ని గంటలు, జెట్టీ ఎన్ని రోజులు, సైనిక ఆస్పత్రి అత్యవసర సేవ ఎవరికి. ఏడాది చివర ఎంత అందిందో నివేదిక రావాలి. రాసిన వాటా లేనిచోట పౌరుడికి దక్కేది దయగా ఇచ్చినదే.

మూడోది, గోప్యతకు హద్దు. యుద్ధానికి సంబంధించినది మూసి ఉంచి, వాణిజ్య రేవు, పట్నం, అడవి, ఆదివాసుల హక్కులకు సంబంధించినది తెరవాలి. రెండూ ఒకే ఫైలులో ఉంటే ఫైలును విడదీయాలి తప్ప మొత్తం మూయకూడదు.

నాలుగోది, అన్నిటికన్నా కష్టమైనది: గొంతు. భారీ ప్రాజెక్టు కేంద్ర మంత్రివర్గం ముందుకు వెళ్లే ముందు జిల్లా పరిషత్తు, పురపాలక మండలి, గిరిజన మండళ్ల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి, దాన్ని కాదంటే కారణం చెప్పాలి. శాసనసభ ఇవ్వాలా వద్దా అన్నది వేరే చర్చ. లేహ్‌లో 2025 సెప్టెంబరులో ఆందోళన నలుగురి ప్రాణాలు తీసేదాకా వెళ్లింది. శాసనసభ లేని సరిహద్దు ప్రాంతంలో జనం మాట వినే ఏర్పాటు లేకపోతే అసంతృప్తి ఎక్కడికి చేరుతుందో లద్దాఖ్ చూపించింది. కాపాడాల్సిన చోటే కోపం పెరిగితే ఏ స్థావరమూ ఆ లోటు పూడ్చలేదు.

ఈ నాలుగింటిలో ఏదీ రక్షణ బడ్జెట్ నుంచి రూపాయి కోయమనడం లేదు. మలక్కా వైపు చూస్తున్న దేశానికి ఓడలు కావాలి, రన్‌వేలు కావాలి. వాటి వెనక నిలబడే పట్నంలో వేసవిలో నీళ్లు కూడా కావాలి. 1969లో మాజీ సైనికుల కుటుంబాలను గ్రేట్ నికోబార్ తీరానికి పంపిన ప్రభుత్వం జనాన్ని రక్షణలో భాగంగా లెక్కించింది. ఇప్పటి ప్రభుత్వమూ ఉత్తర సరిహద్దులో అలాగే లెక్కిస్తోంది. దీవుల్లో మాత్రం జనం రక్షణ ప్రాజెక్టు చుట్టూ సర్దుకోవాల్సిన వాళ్లుగా మిగిలిపోయారు. తుపాకీకా, తాగునీటికా అన్న ప్రశ్న డిగ్నాబాద్‌లో బలంగా వినిపించడానికి డబ్బు చాలకపోవడం చిన్న కారణం. రెండు ఖర్చులూ ఒకే చేతిలో ఉండి, ఆ చేతిని అడిగే హక్కు ఎవరికీ లేకపోవడం పెద్ద కారణం. మొదటిది సరిచేయడానికి ఏళ్లు పట్టవచ్చు. రెండోదాన్ని సరిచేసే పని వచ్చే బడ్జెట్‌తో పాటు ఒక కాగితం పార్లమెంటు ముందు పెట్టి మొదలుపెట్టవచ్చు.